పక్కపక్క శివారుల్లో పబ్ క్రాల్: ప్లాన్ చివరి పబ్ నుంచి మొదలెట్టండి

పబ్ క్రాల్ (ఒకే సాయంత్రం ఒక పబ్ తర్వాత ఇంకో పబ్‌కి గుంపుగా తిరగడం) అనగానే గ్రూపులో పడే మొదటి మెసేజ్ "ఎక్కడ మొదలెడదాం?" అని. దానికి జవాబు ఎవరైనా చెప్పేస్తారు, పెద్ద విషయమేం కాదు. ముందు తేలాల్సింది ఎక్కడ ఆపుతాం, ఆపాక ఎవరెవరు ఎలా ఇల్లు చేరతారు అన్నది. సాయంత్రం అయిదింటికి అందరి బుర్రా బాగానే పనిచేస్తుంది, మొదటి పబ్‌కి ఎలాగోలా వచ్చేస్తారు. అసలు కష్టం రాత్రి పదిన్నరకి, నాలుగైదు గ్లాసులు లోపలికెళ్లాక, ఎప్పుడూ చూడని శివారు రోడ్డు మీద నిలబడి, క్యాబ్ దొరక్క, ఫోన్‌లో చార్జింగ్ అడుగంటి, "ఇప్పుడేంట్రా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకునేటప్పుడు మొదలవుతుంది. అందుకే కింద చెప్పేదంతా వెనక నుంచి ముందుకి వస్తుంది.

అసలు ఊరి మధ్యలో బోలెడు పబ్బులు పెట్టుకుని శివారుల్లో తిరగడం ఎందుకంటే, ఊరి మధ్యలో అన్నీ ఒకే వీధిలో ఉంటాయి, అదే పాట, అదే రద్దీ, అదే మెనూ. ఒకదాంట్లోంచి బయటికొచ్చి రెండు నిమిషాల్లో ఇంకోదాంట్లోకి దూరితే ముందు తాగింది రక్తంలోకి ఎక్కకముందే తర్వాతది చేతిలో ఉంటుంది. శివారుల్లో అలా కుదరదు, ప్రతి పబ్‌కీ మధ్య కాస్త నడవాలి. ఆ నడకే మీ బ్రేకు. పైగా ఒక శివారు దాటి పక్క శివారులోకి వెళ్లేసరికి మనుషులు మారతారు, ఒకచోట రిటైరైన పెద్దాయన మూల టేబుల్ దగ్గర పేపర్ చదువుతూ కనిపిస్తాడు, కిలోమీటరు అవతల స్టూడెంట్లు క్విజ్ ఆడుతుంటారు. అది చూడ్డానికే నేనైతే వెళ్తాను, మందు ఎక్కడైనా మందే.

శివారుల్లో ఇబ్బందులూ ఉన్నాయి. త్వరగా మూసేస్తారు, రాత్రి బస్సులు పలచబడతాయి, మధ్యలో వీధి దీపాల్లేని చోట్లుంటాయి. ఇవన్నీ ముందే చూసుకుంటే తీరిపోయేవే.

ముందు ఆఖరి పబ్

చివరి పబ్‌ని రుచి చూసి ఎంచకండి, పక్కన రైలో మెట్రోనో ఉందా లేదా చూసి ఎంచండి. స్టేషన్‌కి అయిదు నిమిషాల నడకలో ఉన్న మామూలు పబ్, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న అద్భుతమైన పబ్ కన్నా నూరు రెట్లు నయం. అద్భుతమైనదాన్ని రెండోదిగా పెట్టుకోండి, నాలుక అప్పటికింకా పనిచేస్తుంటుంది కాబట్టి దాని విలువ తెలుస్తుంది. అయిదో గ్లాసుకి ఏ బీరైనా ఒకలాగే ఉంటుంది.

ఆఖరి రైలు ఎన్నింటికో చూసి, దానికి కనీసం గంట ముందు మీ క్రాల్ అయిపోయేలా పెట్టుకోండి. ఆ ఒక్క గంటా వృథా అనిపిస్తుంది, కానీ పదిమందిని ఒక పబ్ లోంచి బయటికి లాగడమంటే ఏమిటో ఒకసారి చూస్తే అలా అనిపించదు. వారాంతం టైమింగులు వేరు, సెలవు రోజు టైమింగులు వేరు, ట్రాక్ పనుల వల్ల రాత్రిళ్లు సర్వీసు ఆపేయడం శివారు లైన్లలో తరచూ జరిగేదే. అందుకని ఆ తారీఖుకే టైమ్‌టేబుల్ చూడండి, "మామూలుగా పదకొండింటికి ఉంటుంది" అన్న మాట నమ్మొద్దు.

చివరి పబ్ తేలితే మిగతా పని సగం అయినట్టే. లెక్క కూడా అదే చెబుతుంది: అయిదు పబ్బుల్ని 120 రకాల వరుసల్లో తిరగొచ్చు, చివరిది ఖాయమైతే 24 మిగులుతాయి, మొదటిది కూడా ఖాయం చేస్తే ఆరే. ఆరు వరుసలైతే మ్యాప్ మీద వేలు పెట్టి తేల్చేయొచ్చు. (దీన్నే పిచ్చి స్థాయికి తీసుకెళ్లినవాళ్లు లేకపోలేదు. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ గణిత శాస్త్రవేత్త విలియం కుక్, ఆయన బృందం బ్రిటన్‌లోని 24,727 పబ్బులన్నీ చుట్టొచ్చే అతి చిన్న నడకదారిని 2016లో లెక్కగట్టారు, అది 45 వేల కిలోమీటర్లు పైచిలుకు తేలింది. భూమి చుట్టుకొలత కన్నా ఎక్కువ. మనకి అయిదు చాలు.)

ఎన్ని పబ్బులు, ఎంత దూరం

నా లెక్కలో రెండు లేదా మూడు ఆనుకుని ఉన్న శివారులు, మొత్తం అయిదు పబ్బులు, మొత్తం నడక మూడు కిలోమీటర్లకి అటూ ఇటూ. పది పబ్బులు, పన్నెండు పబ్బులు అని గొప్పలు చెప్పేవాళ్లుంటారు. వాళ్లకి ఏడో పబ్ పేరు అడగండి, చెప్పలేరు.

ఒక్కో పబ్‌లో ముప్పావు గంట, భోజనం చేసేచోట గంట, పబ్‌కీ పబ్‌కీ మధ్య ఎనిమిది వందల మీటర్ల లోపు. మనం ఒక్కళ్లం నడిస్తే కిలోమీటరుకి పన్నెండు నిమిషాలు పడుతుంది, గుంపుగా కబుర్లు చెప్పుకుంటూ ఫోటోలు దిగుతూ నడిస్తే పదిహేను, పద్దెనిమిది పడుతుంది. అందుకని ప్రతి నడకకీ పావుగంట వేసుకోండి. అయిదింటికి మొదలెడితే మొదటి పబ్ 5:00 నుంచి 5:45, రెండోది 6:00 నుంచి 6:45, మూడోది భోజనంతో కలిపి 7:00 నుంచి 8:00, నాలుగోది 8:15 నుంచి 9:00, చివరిది 9:15 నుంచి 10:00. చూడ్డానికి స్కూల్ టైమ్‌టేబుల్లా ఉందని నవ్వుతారు, నవ్వనివ్వండి. దీన్ని గ్రూపులో పిన్ చేసి పెడితే ఆలస్యంగా వచ్చేవాళ్లు మిమ్మల్ని ఎక్కడ పట్టుకోవాలో అడగరు, సరాసరి అక్కడికే వచ్చేస్తారు.

మ్యాప్‌ని మాత్రం కళ్లు మూసుకుని నమ్మకండి. రెండు శివారుల మధ్య సరిహద్దు అనేది చాలాసార్లు ఒక రైలు పట్టాయో, పెద్ద రింగు రోడ్డో, కాలువో అయి ఉంటుంది. మ్యాప్‌లో రెండు పబ్బులు ఎదురెదురుగా నాలుగొందల మీటర్ల దూరంలో కనిపిస్తాయి, తీరా వెళ్తే మధ్యలో ఆరు వరసల రోడ్డు, డివైడర్ మీద కంచె, దాటడానికి వంతెన ఎక్కడో ముప్పావు కిలోమీటరు అవతల. అక్కడికెళ్లి దాటి మళ్లీ వెనక్కి రావాలి. తాగిన గుంపులో ఒకడు తప్పకుండా "ఇక్కడే దూకేద్దాం" అంటాడు. ఆ మాట వచ్చే చోటే మీ దారిలో లేకుండా చూసుకోండి. వాకింగ్ రూట్ పెట్టి చూడండి, శాటిలైట్ బొమ్మ కూడా చూడండి, అన్నిటికన్నా మంచిది ఎవరో ఒకరు ముందు వారం అదే దారి ఒకసారి నడిచి రావడం. చీకటిపడ్డాక నడిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే పగలు చల్లగా హాయిగా అనిపించిన పార్కు దారి రాత్రి తొమ్మిదింటికి గేటు వేసి ఉండొచ్చు.

ఇంకో చిన్న సంగతి. ఏటవాలు ప్రాంతమైతే ఎత్తు నుంచి పల్లానికి వచ్చేలా వరుస పెట్టుకోండి. చివర్లో గట్టు ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు.

పబ్బులకి ఫోన్ చేయాల్సిందే

ఇద్దరు ముగ్గురైతే చెప్పాపెట్టకుండా వెళ్లొచ్చు. ఆరుగురు దాటితే ఫోన్ చేయండి, ఎందుకంటే శివారు పబ్ చిన్నది, ఒకేసారి ఎనిమిది మంది వచ్చి పడితే కౌంటర్ దగ్గరుండే ఒక్క మనిషికి ఊపిరాడదు. మాట సూటిగా ఉండాలి: "శనివారం ఆరింటికి ఎనిమిది మందిమి వస్తున్నాం, ముప్పావు గంట ఉంటాం, కూర్చోడానికి లేకపోయినా పర్లేదు." ముప్పావు గంటే అనగానే చాలామంది సంతోషంగా సరే అంటారు, మీరు వెళ్లాక ఏడింటి రిజర్వేషన్‌కి ఆ టేబుల్ దొరుకుతుంది కదా మరి.

అదే ఫోన్‌లో అడగాల్సినవి అడిగేయండి. వంటగది ఎన్నింటికి మూస్తారు (బార్ కన్నా చాలా ముందే మూసేస్తారు, ఇది చాలామందికి తట్టదు), ఆ రోజు ప్రైవేట్ పార్టీ ఏమైనా ఉందా, మ్యాచ్ ఉందా, ఎంట్రీ ఫీజు ఉందా, చెప్పులతో, షార్టులతో రానిస్తారా, బిల్లులు విడివిడిగా ఇస్తారా. శివారు మారితే ఒక్కోసారి మున్సిపాలిటీ మారుతుంది, దాంతో మూసే టైము, వయసు నిబంధన, బయట కుర్చీల్లో ఎన్నింటి దాకా కూర్చోవచ్చు అన్నవీ మారొచ్చు. మొదటి పబ్ రూలే చివరి పబ్‌లోనూ ఉంటుందని అనుకోకండి. అందరూ ఐడీ కార్డు అసలుదే తెచ్చుకోవాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోని చోట్లు ఎక్కువ. తలుపు దగ్గర ఒక్కడిని ఆపితే ఎనిమిది మందీ ఆగినట్టే.

అయిదు పబ్బులకి రెండు స్పేర్ పెట్టుకోండి, అవీ అదే దారిలో ఉండాలి.

ఏ పబ్ ఎన్నో నంబరు అన్నదాంట్లో నా అభిప్రాయం ఇది. మొదటిది ప్రశాంతంగా, కూర్చుని మాట్లాడుకునేలా ఉండాలి, అప్పుడే కొత్తవాళ్లకి ఒకరి పేరు ఒకరికి తెలుస్తుంది. రెండోది మీ జాబితాలో అన్నిటికన్నా మంచిది. మూడోది తిండి. నాలుగోది కావాలంటే గోల గోలగా, డీజే ఉన్నది పెట్టుకోండి, డ్యాన్స్ వేసినంతసేపు గ్లాసు చేతిలో ఉండదు. చివరిది మళ్లీ నెమ్మదైనది, ఎవరేం మాట్లాడుతున్నారో వినపడేది. చాలామంది దీన్ని తిరగేసి పెట్టి, గోల పబ్‌ని చివర్లో ఉంచుతారు, అప్పుడు ఎవరు ఎప్పుడు వెళ్లిపోయారో, ఎవరు బాత్రూమ్‌లో ఉండిపోయారో తెలిసే మార్గం ఉండదు.

మందు లెక్క

ఈ భాగం దాటేయకండి. గ్లాసులు లెక్కపెట్టుకుంటే సరిపోదు, గ్లాసులో ఆల్కహాల్ ఎంతుందో చూడాలి. లెక్క తేలిక: ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని శాతంతో గుణించి వందతో భాగించండి, వచ్చినదాన్ని 0.8తో గుణించండి, గ్రాములొస్తాయి. 330 మిల్లీలీటర్ల 5 శాతం బీరులో దాదాపు 13 గ్రాములు. అదే బ్రిటిష్ పైంట్, అంటే 568 మిల్లీలీటర్లు తాగితే 22 గ్రాములు దాటుతుంది. 40 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లు 19 గ్రాములు. 150 మిల్లీలీటర్ల 12 శాతం వైన్ 14 గ్రాములు. ఇక క్రాఫ్ట్ బీరు అని 8 శాతంది 330 తీసుకుంటే 21 గ్రాములు, చూడ్డానికి మాత్రం చిన్న గ్లాసే. ఒక "స్టాండర్డ్ డ్రింక్" అంటే బ్రిటన్‌లో 8 గ్రాములు, ఆస్ట్రేలియాలో 10, అమెరికాలో 14, కాబట్టి ఎక్కడో చదివిన "ఇన్ని డ్రింకులు పర్లేదు" అన్న మాట మీద ఆధారపడకుండా గ్రాముల్లోనే చూసుకోవడం మేలు.

ఇప్పుడు లివర్ సంగతి. మామూలు మనిషి లివర్ గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు తగలేస్తుంది, అంతకు మించి దాన్ని తొందరపెట్టే దారి లేదు. కాఫీ తాగినా, చన్నీళ్లు మొహాన కొట్టుకున్నా, వాంతి చేసుకున్నా రక్తంలో ఉన్నది దాని టైముకే దిగుతుంది. మన అయిదు గంటల క్రాల్‌లో ప్రతి పబ్‌లో ఒక చిన్న బీరు చొప్పున తాగితే మొత్తం 65 గ్రాములు, అందులో 35 నుంచి 50 దాకా కరిగిపోతుంది, 15 నుంచి 30 గ్రాములు చివరికి మిగులుతుంది. డెబ్భై కిలోల మగాడి విషయంలో ఇది చాలా దేశాలు డ్రైవింగ్‌కి పెట్టుకున్న పరిమితి, అంటే వంద మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు, దాని చుట్టుపక్కలే తిరుగుతుంది. కొన్ని దేశాల్లో ఆ పరిమితి ఇంకా తక్కువ. అదే ప్రతిచోటా పైంట్ కొడితే దాదాపు 114 గ్రాములు, పదింటికి ఆపినా లోపలున్నదంతా దిగేసరికి తెల్లవారుజామున నాలుగో, ఒక్కొక్కరికి ఉదయం తొమ్మిదో అవుతుంది. పొద్దున్నే ఆఫీసుకి బండి మీద వెళ్లాల్సినవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి. అదే బరువున్న ఆడవాళ్లకి ఒంట్లో నీటిశాతం తక్కువ కాబట్టి అంతే మందుకి ఎక్కువ ఎక్కుతుంది, "నీతో సమానంగా తాగుతా" అన్న పందేలు అందుకే పెట్టుకోకూడదు.

తాగిన వెంటనే ఎక్కదు కూడా. రక్తంలో గరిష్ఠానికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. ఖాళీ కడుపైతే త్వరగా, తిన్నాక అయితే నెమ్మదిగా. "నాకేం ఎక్కలేదు, ఇంకోటి" అనేవాడికి ముందటి పబ్‌లో తాగింది ఇంకా దారిలోనే ఉంటుంది. అందుకే బయల్దేరేముందు ఇంట్లో సరైన భోజనం చేసి రండి, మంచింగ్‌తో సరిపెట్టుకోకండి. మధ్యలో మళ్లీ తినాలి, మూడో పబ్‌ని భోజనానికి పెట్టింది అందుకే.

ప్రతి గ్లాసుకీ ఒక గ్లాసు మంచినీళ్లు అన్న నియమం బోర్‌గా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది, కనీసం రెండో గ్లాసు తాగే వేగాన్నయినా తగ్గిస్తుంది. గ్యాస్ ఉన్నవి, షుగర్ లేని డైట్ డ్రింకులతో కలిపినవి త్వరగా ఎక్కుతాయి. ఎనర్జీ డ్రింకులతో కలిపితే తాగిన సంగతి ఒంటికి తెలియకుండా పోతుంది, తాగింది మాత్రం అలాగే ఉంటుంది. అది పూర్తిగా మానేయండి. బీరు ముందు తాగాలా వైన్ ముందు తాగాలా అన్న వాదన మాత్రం ఎంతసేపైనా పెట్టుకోండి, 2019లో జర్మనీలో 90 మంది మీద చేసిన అధ్యయనంలో ఏది ముందు తాగినా మర్నాటి హ్యాంగోవర్‌లో తేడా కనిపించలేదు.

ఏవైనా మందుబిళ్లలు వాడుతుంటే, ముఖ్యంగా నిద్రమాత్రలు, షుగర్ మందులు, కొన్ని యాంటీబయాటిక్స్, ముందే డాక్టర్‌ని అడగండి. తాగిన రాత్రి తలనొప్పికి పారాసెటమాల్ ఎడాపెడా మింగొద్దు, అది పడేది కూడా లివర్ మీదే.

గుంపు, డబ్బు

ఆరుగురు నుంచి ఎనిమిది మంది చక్కటి సంఖ్య. పదిమంది దాటితే రెండు బ్యాచ్‌లు చేసి అరగంట తేడాతో అదే దారిలో పంపండి, భోజనం దగ్గర అరగంట కలిసి కూర్చోవచ్చు.

ముందు నడిచేవాళ్లు ఒకరు ఉండాలి, అది ఎలాగూ ఉంటుంది. వెనక నడిచేవాళ్లు ఇంకా ముఖ్యం, వాళ్లని ఎవరూ పెట్టరు. ప్రతి పబ్ లోంచి అందరూ బయటికొచ్చాక లెక్కపెట్టి "ఎనిమిది" అని చెప్పి కదిలించేది వాళ్ల పని. ఈ పని తాగనివాళ్లకో, తక్కువ తాగేవాళ్లకో ఇవ్వండి, కానీ ఆ మనిషి ఖర్చు మిగతావాళ్లు పంచుకోండి, ఊరికే కాపలా కాయమంటే ఎవరికి మాత్రం సరదా. తాగనివాళ్లు ఉన్నారంటే ప్రతి పబ్‌లో వాళ్లకి తాగడానికి ఏదైనా మంచిది ఉందా అని చూడండి. అయిదు చోట్లా అదే తియ్యటి సోడా తాగమనడం శిక్ష. జీరో బీరు ఉంటే సరే, కానీ లేబుల్ చూడండి, చాలాచోట్ల 0.5 శాతం దాకా ఉన్నా ఆల్కహాల్ లేనిదనే అమ్ముతారు.

రౌండ్లు మాత్రం వద్దు. ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొనిపెట్టడం ముగ్గురున్నప్పుడు బాగుంటుంది, ఎనిమిది మంది ఉంటే ఎనిమిదో వాడి వంతు వచ్చేదాకా తాగాలన్న మాట మొదలవుతుంది, "నేను కొన్నది తాగవా?" అన్న అలకలు మొదలవుతాయి, నెమ్మదిగా తాగేవాళ్ల ముందు గ్లాసులు పేరుకుంటాయి. ఎవరిది వాళ్లు కొనుక్కోవడమే హాయి. లేదంటే భోజనానికి, మంచింగ్‌కి మాత్రం ముందే సమానంగా వాటాలు వేసుకుని ఒకరి దగ్గర పెట్టండి, మందు ఎవరిది వాళ్లది. బార్‌లో కార్డు ఇచ్చి ట్యాబ్ (చివర్లో ఒకేసారి కట్టే ఖాతా) తెరిచి పెట్టొద్దు, బయల్దేరే హడావుడిలో కార్డు అక్కడే ఉండిపోతుంది, ఆ సంగతి రెండు పబ్బులు దాటాక గుర్తొస్తుంది. ఎక్కడి బిల్లు అక్కడే కట్టేయండి.

కదిలేటప్పుడు

టైమ్‌టేబుల్ చెడేది ఎప్పుడూ నడకలో కాదు, లేచేటప్పుడు. 6:45కి "పదండి" అంటారు. ఒకరి గ్లాసు ఇంకా సగం ఉంటుంది. ఇద్దరు బాత్రూమ్‌కి వెళ్తారు, అక్కడ లైను. ఒకడు కౌంటర్ దగ్గర బిల్లు కట్టడానికెళ్లి, ఎవరితోనో మాటల్లో పడి, చేతిలో కొత్త గ్లాసుతో తిరిగొస్తాడు, "చిన్నదే, రెండు నిమిషాలు" అంటాడు. ఈలోగా బాత్రూమ్ నుంచి వచ్చినవాళ్లు మళ్లీ కూర్చుంటారు. ఏడుంబావుకి ఇంకా అక్కడే ఉంటారు. దీనికి విరుగుడు ఒకటే, బయల్దేరే టైముకి పదిహేను నిమిషాల ముందు "ఇక ఎవరూ ఆర్డర్ ఇవ్వొద్దు" అని ఒకసారి, పది నిమిషాల ముందు "బాత్రూమ్‌లు" అని ఒకసారి గట్టిగా చెప్పడం. సిగ్గుపడకుండా చెప్పండి. ఆల్కహాల్ వల్ల నీటిని పట్టి ఉంచే హార్మోన్ తగ్గి మూత్రం ఎక్కువ వస్తుంది, శివారు దారుల్లో మధ్యలో టాయిలెట్లుండవు, ఎవరింటి గోడ పక్కనో నిలబడాల్సిన పరిస్థితి రానివ్వకండి. మిగిలిన గ్లాసుని గటగటా తాగి లేవమనకండి, వదిలేయడం తప్పు కాదు.

దారిలో మీరు నడిచేది జనం నిద్రపోతున్న ఇళ్ల మధ్య నుంచి. గొంతు తగ్గించండి, గ్లాసులూ సీసాలూ చేత్తో పట్టుకుని బయటికి రాకండి, చాలా ఊళ్లలో రోడ్డు మీద తాగడం నేరం కూడా. ఒక్క గుంపు చేసిన గోలకి పబ్ మీద ఫిర్యాదులు వెళ్తాయి, తర్వాతి సారి ఫోన్ చేస్తే "గ్రూపులకి లేదు" అంటారు.

లైవ్ లొకేషన్ అందరూ మొదటి పబ్‌లోనే షేర్ చేసుకోండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. పవర్ బ్యాంక్ ఒకటి కాదు, రెండు. షూస్ నడవడానికి పనికొచ్చేవి వేసుకోండి, అంతకంటే దీని మీద చెప్పడానికేం లేదు. గ్లాసుని టేబుల్ మీద వదిలి వెళ్లాల్సి వస్తే మనవాళ్లలో ఒకరికి అప్పజెప్పి వెళ్లండి, ఎవరూ చూడకుండా వదిలేసిన గ్లాసుని మళ్లీ తాగకండి.

మధ్యలో ఎవరైనా ఇంటికెళ్తానంటే ఆపకండి. "ఇంకొక్కటే" అని బతిమాలడం స్నేహమని మనవాళ్లు అనుకుంటారు, కాదు. క్యాబ్ ఎక్కేదాకా ఒకరు తోడు నిలబడి, నంబరు ఫోటో తీసుకుని, ఇల్లు చేరాక మెసేజ్ పెట్టమని చెప్పి పంపండి. అలాగే మొదటి నుంచీ బళ్లు ఇంటి దగ్గరే ఉండాలి. "మొదటి పబ్ దాకా కారులో వచ్చి అక్కడే వదిలేస్తా" అన్న ప్లాన్ రాత్రి పదింటికి "మెల్లగా నడిపేస్తా, దగ్గరే కదా" గా మారుతుంది. బైకైనా, సైకిలైనా అంతే.

ఎవరైనా బాగా ఎక్కువైపోతే

కాస్త తూలుతూ, నవ్వుతూ ఉంటే నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, క్రాల్ వాళ్లకి అక్కడితో ముగించి ఒకరిని తోడిచ్చి ఇంటికి పంపండి. కానీ కొన్ని చూస్తే ఇక ఆలోచించకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. లేపినా లేవకపోవడం, స్పృహ లేకుండా వాంతి చేసుకోవడం, ఫిట్స్, ఊపిరి నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువసార్లు తీసుకోవడం లేదా ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం, పెదాలో గోళ్లో నీలంగా మారడం, ఒళ్లు చల్లబడటం. వీటిలో ఒక్కటి చాలు, అన్నీ కనిపించేదాకా చూడక్కర్లేదు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా ఉంచితే వాంతి గొంతుకి అడ్డం పడుతుంది. "పడుకోనివ్వు, పొద్దున్నకి సర్దుకుంటాడు" అనడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే ఆఖరి గ్లాసు ఇంకా కడుపులోనే ఉంటుంది, నిద్రలో కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పోలీసులు ఏమంటారో, ఇంట్లో ఏమంటారో అన్న టెన్షన్‌తో ఫోన్ ఆపకండి. ఎంత తాగాడో, ఏం బిళ్లలు వేసుకుంటాడో తెలిసినంత వరకూ వాళ్లకి నిజం చెప్పండి.

ఇంటికి

పదింటికి చివరి పబ్‌లో లెక్కపెట్టి, ఒకే వైపు వెళ్లేవాళ్లని జతలుగా విడదీయండి, ఒంటరిగా మిగిలేవాళ్లు ఎవరో అప్పుడే తెలుస్తుంది. వాళ్లకి క్యాబ్, మిగతావాళ్లకి రైలు. స్టేషన్‌లో ప్లాట్‌ఫాం అంచుకి దూరంగా బెంచీల మీద కూర్చోండి. ఇంటికి చేరిన వాళ్లు ఒక్కొక్కరే గ్రూపులో "చేరాను" అని పెడతారు, ఎనిమిదీ వచ్చేదాకా వెనక నడిచిన మనిషి ఫోన్ సైలెంట్‌లో పెట్టకూడదు, పెట్టని వాళ్లకి అర్ధరాత్రైనా సరే ఫోన్ చేయాలి. ఉమ్మడి ఖర్చు లెక్కలు ఆ రాత్రి మొదలెట్టకండి, బిల్లుల ఫోటోలు గ్రూపులో పడేసి ఊరుకోండి, మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా చూసుకోవచ్చు.